మూరా ఎనిమిది వేళ్ళు

ఎర్రన్న జీపు స్టార్టయిన చప్పుడు వినబడితే చాలు, ఊళ్ళో ఆడవాళ్ళు చేతిలో పని ఆపి వాకిట్లోకి వచ్చేవాళ్ళు. "ఎవురు పోయినారమ్మా?" అని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు. ఎవరూ పోలేదనీ, బ్యాటరీ దిగిపోకుండా ఊరికే కాసేపు ఇంజను తిప్పుతున్నాడనీ తెలిశాక లోపలికి పోయేవాళ్ళు. రెండిళ్ళ అవతల సుంకప్ప భార్య మాత్రం పోతూ పోతూ తలుపు గట్టిగా వేసుకునేది. ఇంజను చప్పుడు కంటే ఆ తలుపు చప్పుడే బయమ్మ చెవిలో ఎక్కువసేపు ఉండేది.

బయమ్మ ఎర్రన్న భార్య. నల్లమాడ నుంచి కొండ వైపు ఎనిమిది కిలోమీటర్లు పోతే వాళ్ళ ఊరు. పుట్టిల్లు గొర్రెలవాళ్ళది. తండ్రి తలుపు దగ్గర వంగకుండా ఇంట్లోకి రాలేనంత పొడుగు మనిషి. బయమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. ఆ ఏడు గొర్రెలకు రోగం తగిలి సగం చచ్చిపోయాయి. మిగిలిన గొర్రెపిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఒక మనిషి కావలసి వచ్చింది. పలక అటకెక్కింది. అప్పటినుంచి ఆమెకు మాట్లాడే పని తక్కువైంది, చూసే పని ఎక్కువైంది. మంద వెనక నడిచే మనిషికి ఏ గొర్రె కుంటుతోందో, ఏది మేత మానిందో చూపుతోనే తెలియాలి. పెళ్ళయి వచ్చాక కూడా ఆ చూపు పోలేదు. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళు.

జీపు ఇంటికొచ్చిన రోజు ఆమెకు బాగా గుర్తు. కొడుకు కేశవకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఎర్రన్న పదేళ్ళు లారీ క్లీనరుగా తిరిగి, కదిరిలో ఒక కాంట్రాక్టరు వదిలించుకున్న పాత జీపు తెచ్చుకున్నాడు. ఆకుపచ్చ రంగు, అక్కడక్కడ తుప్పు. వెనక ఎదురెదురు బల్లల మీద ఎనిమిది మంది కూర్చోవచ్చు. ఎర్రన్న ఇరవై ఇద్దరిని ఎక్కించేవాడు. శనక్కాయ పెరికే కాలంలో కూలి ఆడవాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. సంత రోజున మేకపోతులు కూడా ఎక్కేవి. కేశవ వెనక మెట్టు మీద నిలబడి, కడ్డీ పట్టుకుని, "రైట్, రైట్" అని అరిచేవాడు. స్కూలు ఎగ్గొట్టి మరీ అరిచేవాడు.

పెద్దయ్యాక వాడు బోరు లారీ మీద పనికి పోయాడు. వాన ముఖం చూడని ఆ నేలలో బోరు పనికి మాత్రం కరువుండదు. తాత పొడుగు వచ్చింది వాడికి, ఆరడుగులకు ఒక వేలు తక్కువ. ధర్మవరం అవతల ఒక చేనులో ఇనుప గొట్టం జారి మీద పడింది. అనంతపురం ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఇరవై రెండేళ్ళు.

వేరే బండి మాట్లాడతామన్నారు బంధువులు. "వాడు ఈ బండిలో పెరిగినాడు. ఈ బండిలోనే వస్తాడు," అన్నాడు ఎర్రన్న. బల్లలు తీసేసి, రేకు మీద చాప పరిచి పడుకోబెట్టారు. తల తల్లి ఒళ్ళో పెట్టారు. పద్ధతి అది, తల తల్లిదో పెళ్ళాందో అంటారు. కాళ్ళు ఎవరివని ఎవరూ అనుకోలేదు. జీపు వెనక భాగం ఐదడుగులే. పిక్కల దగ్గర నుంచి కాళ్ళు బండి బయటే ఉండిపోయాయి. కప్పిన దుప్పటి బత్తలపల్లి దాటకముందే గాలికి తొలగిపోయింది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆ కాళ్ళు లేచి రేకు అంచు మీద పడేవి. టప్పుమని చప్పుడు. బయమ్మ ఒళ్ళో తల ఉంది, లేవడానికి లేదు. టీ కొట్టు దగ్గర నిలబడినవాళ్ళు, బస్సు కోసం చూస్తున్న పిల్లలు, అందరూ మొదట ఆ కాళ్ళను చూసి తర్వాత ఆమె ముఖం చూశారు. ఎనభై కిలోమీటర్లు.

కర్మలన్నీ అయ్యాక ఒక పొద్దున ఆమె మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"బండి పొడుగు చేయించు," అంది.

ఎందుకని ఎర్రన్న అడగలేదు. కదిరికి పోయి, ఆ పని చేసేవాళ్ళ ఎదుటే రేకు మీద తానే వెల్లకిలా పడుకుని, "నాకంటే ఇంగ ఇంత ఎక్కువ," అని అరచెయ్యి తల పైన పెట్టి చూపించాడు. రెండడుగులు అతికించారు.

అప్పటినుంచి ఊళ్ళో ఒక పద్ధతి పడింది. అనంతపురంలో పోయినా, బెంగళూరులో పోయినా, ఆ ఊరి మనిషి ఎర్రన్న బండిలోనే ఇంటికి రావాలి. బాడుగ లేదు, డీజిలు పోయిస్తే చాలు. బండి కదిలే ముందు బయమ్మ వెనక రేకు కడిగి, పసుపు నీళ్ళు చల్లి, కడ్డీకి వేపమండ కట్టేది. నాలుగేళ్ళలో పదకొండు మంది అలా వచ్చారు. కాళ్ళు చాపుకుని, లోపలే. బయమ్మ ప్రతిసారీ వీధి మొదట్లో నిలబడి వెనక భాగం చూసేది. కాళ్ళు బయటికి రాలేదని చూసుకుని గానీ ఇంటికి పోయేది కాదు.

అయితే చచ్చినవాళ్ళు ఎక్కిన బండిలో బతికినవాళ్ళు ఎక్కడం మానేశారు. మొహం మీద ఎవరూ అనలేదు. షేరు ఆటోలు వచ్చాయి, ఆ తర్వాత ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేకుండా అయింది. కారణాలు వెతుక్కోనవసరం లేకపోయింది. జీపు గోడ పక్కన నిలబడిపోయింది. ఎర్రన్న ఊళ్ళో ట్రాక్టర్లకు కూలి డ్రైవరుగా పోయేవాడు, పిలిచినప్పుడు. పిలవని రోజులే ఎక్కువ.

ఇంకొకటి కూడా ఆగిపోయింది. కేశవ ఉన్నప్పుడు బయమ్మ మొగుణ్ణి "కేశవ నాయనా" అని పిలిచేది. వాడు పోయాక ఆ పిలుపు నోటికి రాలేదు. దాని బదులు ఇంకో పిలుపూ పుట్టలేదు. ఏమైనా చెప్పాలంటే ఎదురుగా వచ్చి నిలబడేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ప్రణీత్ అనే అబ్బాయి మోటారు సైకిలు మీద వచ్చాడు. ఊరి వెనక కొండ మీద గాలిమరలున్నాయి. వాటికి మరమ్మతులు చేసే కాంట్రాక్టరు దగ్గర అతను సూపర్‌వైజరు. పనివాళ్ళను కొండెక్కించే బండి పాడైంది. ప్రణీత్ జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు, వంగి కిందికి చూశాడు.

"ఇంజను బాగుండాది అన్నా. నాలుగు చక్రాలూ లాగుతాయా?"

"లాగుతాయి సార్."

"అయితే నీ బండికి తోక పొడుగు. మూడో మలుపు కాడ నిట్టనిలువు ఉండాది. ఎక్కేటప్పుడు ఈ తోక పోయి నేలకు తగుల్తాది. ఆ మలుపు తిరగను గూడా తిరగదు. వెనక రెండడుగులు తీసేసి సోమవారం పొద్దున రా. ఎక్కితే పెట్టుకుంటాం. ఏడు గంటలకు మనుషుల్ని ఎక్కించల్ల, సాయంత్రం దించల్ల."

"దినమూనా సార్?"

"దినమూ. ఒకటి మాత్రం ముందే చెప్తాండా. ఫ్యాన్లు ఆగితే పైనోళ్ళు నన్ను తింటారు. ఒక్క పొద్దు రాకున్నా ఇంగో బండి చూసుకుంటా. మళ్ళా నన్ను తిట్టుకోవద్దు."

అతను పోయాక బయమ్మ గుమ్మంలోంచి వచ్చి ఎర్రన్న ఎదుట నిలబడింది.

"రెండడుగులా?"

"రెండడుగులు."

"మనం ఏయించిండేదీ రెండడుగులే."

ఎర్రన్న బీడీ నేలకేసి నలిపాడు. "బతికినోళ్ళు దీంట్లో ఎక్కక ఎన్నాళ్ళాయ? సచ్చినోళ్ళు ఏడాదికి ముగ్గురు. మిగిలిన దినాలు నువ్వూ నేనూ మన్ను తినల్లనా?"

"పదకొండు మంది వచ్చినారు."

"పన్నెండోవాణ్ణి నేనే అయితా, ఇట్లే ఉంటే."

బయమ్మ ఇంట్లోకి చూసింది. పొయ్యి మీద ఆ రోజు కూడా రాగి సంగటి ఒక్కటే ఉంది, నంజుకోవడానికి ఉప్పూ మిరపకాయా. ఆమె జీపు వెనక్కి పోయి, అంచు మీద చెయ్యి వేసింది.

"కొయ్యి," అంది.

కదిరికి తీసుకుపోతే వారం పడుతుంది. సోమవారానికి మధ్యలో రెండు రోజులే. నల్లమాడలో టింకరింగు పని చేసే మద్దిలేటి బయమ్మకు దూరపు చుట్టం, వరసకు తమ్ముడు. కోసే మిషను ఇచ్చాడు. "కోసి పెట్టుకో బావా. ఆదివారం వచ్చి అతికిస్తా," అన్నాడు.

శనివారం తెల్లవారగానే మొదలుపెట్టారు. టాపు గుడ్డ విప్పారు. దాన్ని మోసే గొట్టాలు ఊడదీశారు. వెనక దీపాల తీగలు కత్తిరించి ముడి వేశారు. బ్యాటరీ వైరు తీసేశారు. డీజిలు ట్యాంకు డ్రైవరు సీటు కింద ఉంది కాబట్టి దానితో భయం లేదు. బల్లలు ఎత్తితే కింద శనక్కాయ పొట్టు, ఒక గాజు ముక్క, కాలిపోయిన ఊదుబత్తి పుల్ల కనిపించాయి. బయమ్మ వాటిని చీపురుతో ఊడ్చి చేటలోకి ఎత్తింది. పారబోయడానికి పోయి, పారబోయకుండా చేటను అలాగే గోడవార పెట్టింది.

నీడ కోసం జీపును గోడకు ఆనించి నిలబెట్టి ఉన్నాడు ఎర్రన్న. వెనక ఇరుసు కింద రాళ్ళు పేర్చి ఎత్తి పెట్టాక, గోడ వైపు తాను దూరేంత సందు లేదని అప్పుడు చూసుకున్నాడు. కొలత టేపు ఉంది గానీ మొదటి రెండడుగులూ తెగిపోయి ఎప్పుడో పోయాయి. దానితో ఏం పని? చిన్నప్పటినుంచి కొలిచింది చేతితోనే. మంచం పట్టె అయినా, బావి తాడు అయినా మూరలే.

"రెండడుగులంటే మూరా ఎనిమిది వేళ్ళు," అన్నాడు. మోచెయ్యి వెనక అంచుకు ఆనించి, చెయ్యి చాచి, నడిమి వేలి కొసకు సుద్దతో గుర్తు పెట్టాడు. దాని ముందు రెండుసార్లు నాలుగేసి వేళ్ళు పరిచి గీత గీశాడు. అది ఎడమ పక్క. కుడి పక్క గోడ.

"నేను దూరలేను. నువ్వు పో. మూరా ఎనిమిదేళ్ళు ఏసి గీత పెట్టు."

బయమ్మ సన్నటి మనిషి. కొంగు నడుముకు చుట్టుకుని పక్కకు తిరిగి సందులోకి దూరింది. మోచెయ్యి రేకుకు ఆనించింది. చెయ్యి చాచింది. నాలుగు వేళ్ళు, మళ్ళీ నాలుగు వేళ్ళు. గీత పెట్టింది.

తర్వాత మిషను అరవడం మొదలుపెట్టింది. నిప్పురవ్వలు చాటెడు చాటెడు ఎగిరాయి. పక్కనే సుంకప్ప వాళ్ళ స్థలంలో శనగకట్టె మేత వామి ఉంది, మూడు నెలల ఎండకు ఎండి పెళపెళలాడుతోంది. బయమ్మ గోనె సంచి నీళ్ళలో ముంచి, రవ్వ ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. కొళాయి మూడు రోజులకొకసారి వస్తుంది. ఒకే బకెట్టు నీళ్ళు, మసి నీళ్ళయినా, పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా వాడింది. సుంకప్ప భార్య గోడ మీదుగా తొంగి చూసి, "మా వామికి గాన నిప్పంటుకుంటే మమ్మల్ని గూడా మీ బండిలోనే ఏసుకోని పోదురు," అంది. బయమ్మ తడి గోనె ఇంకొకసారి ముంచుకుంది.

గోడ వైపు కోయడానికి ఎర్రన్న జీపు లోపల కూర్చుని, గీత చివర ఆమె కొట్టిన మేకు గుర్తును బట్టి లోపలినుంచి కోశాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి వెనక భాగం మొత్తం ఊడి నేల మీద పడింది. కోళ్ళు చెదిరిపోయాయి. పడిన ముక్క లోపలి పక్క పసుపు మరకలు చారలు చారలుగా ఉన్నాయి. ఇద్దరూ కలిసి దాన్ని ఈడ్చి బోర్లించారు. సాయంత్రానికల్లా కోళ్ళు దాని కింద చేరాయి.

ఆదివారం మద్దిలేటి ఆటోలో వెల్డింగు మిషను వేసుకుని వచ్చాడు. ఊడదీసి పెట్టిన వెనక తలుపు తెచ్చి కోసిన చోట ఆనించి చూశాడు. ఎడమ పక్క ఆనింది. కుడి పక్క రేకు బయటికి పొడుచుకొచ్చింది. తలుపు ఏటవాలుగా నిలబడింది. అతను తన టేపు తీసి అటూ ఇటూ కొలిచాడు.

"బావా, ఇది ఎవురు కొలిసినారు?"

"ఈ పక్క నేను. ఆ పక్క మీ అక్క."

"దేంతో?"

"మూరతో."

మద్దిలేటి టేపు నేల మీద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "ఒక పక్క మొగుని మూర, ఒక పక్క పెండ్లాం మూర. ఇంగ ఈ బండి నేరుగా యాడ పోతాది బావా? గానుగెద్దు మాదిరి నీ ఇంటి చుట్టే తిరుగుతాది."

ఎర్రన్నకు నవ్వు రాలేదు. "చెప్పినా గదా మూరా ఎనిమిదేళ్ళు అని," అన్నాడు భార్యతో.

"అంతే ఏసినా," అంది బయమ్మ. చెయ్యి చాచి చూపించింది. అతని చెయ్యి పక్కన ఆ చెయ్యి చిన్నది, వేళ్ళు సన్నవి. నలభై ఎనిమిదేళ్ళుగా ఉన్న చెయ్యే. తక్కువ కోయాలని తాను కావాలనే గీత వెనక్కి జరిపిందా అని ఆమె తర్వాత చాలాసార్లు తనను తాను అడుక్కుంది. జరపలేదు. కానీ గీత పెట్టేటప్పుడు, ఇంకొంచెం మిగిలితే బాగుండునని అనుకున్న మాట నిజం.

"ఏం కాదులే," అన్నాడు మద్దిలేటి, మిషను అందుకుంటూ. "కుడి పక్క ఇంగ మూడు వేళ్ళ పట్టీ కోస్తే సమానమైతాది. తలుపు కూచుంటాది."

బయమ్మ అప్పటికే సందులోకి దూరి ఉంది. మిగిలిన ఆ రేకు మీద అరచెయ్యి పెట్టింది.

"ఇంగ కోయొద్దు."

"వంకరగా ఉంటాది అక్కా. ఊరంతా నగుతారు."

"నగనీ."

మద్దిలేటి ఎర్రన్న వైపు చూశాడు. ఎర్రన్న కొంచెంసేపు గోడ వైపు, ఆ సందులో ఇరుక్కుని నిలబడిన మనిషి వైపు చూశాడు.

"ఉండనీలే," అన్నాడు. "తలుపు ఒద్దు. గొలుసు పెట్టు."

అలా జీపుకు వెనక తలుపు లేకుండా పోయింది. అడ్డంగా వేసిన ఇనుప కడ్డీ ఏటవాలుగా అతుక్కుంది. దాని మీద ఒక గొలుసు వేలాడింది. తోక తెగిన బల్లిలా ఉందని మద్దిలేటి పోతూ పోతూ అన్నాడు.

సోమవారం పొద్దున బయమ్మ వాకిట్లో కూర్చుని చెవులతో కొండెక్కింది. మొదటి మలుపు. రెండో మలుపు దగ్గర గేరు మార్చాడు. మూడో మలుపు దగ్గర ఇంజను గొంతు కిందికి దిగిపోయి, ఆగిపోతుందేమో అన్నట్టు గురగురలాడి, మళ్ళీ పైకి లేచింది. ఆమె ఇంకో చేటలో బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

"వంకర చూసి నగినాడు ఆ పిల్లోడు," అని చెప్పాడు ఎర్రన్న సాయంత్రం వచ్చి. "నగితే ఏమి, ఎక్కింది గదా అన్నా అన్నాడు." ఆ మాట అంటూ అతను కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో బయమ్మ లెక్కపెట్టలేకపోయింది.

మంగళవారం, బుధవారం జీపు స్టార్టయినప్పుడు ఆడవాళ్ళు వాకిట్లోకి వచ్చారు. గురువారం ఎవరూ రాలేదు. అది కొండకు పోయే బండి అయిపోయింది. శుక్రవారం సుంకప్ప భార్యే ఎదురుగా వచ్చి, "ఎర్రన్నా, రోడ్డు దాకా ఎక్కించుకో," అని ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. వీధి మలుపు తిరిగేదాకా బయమ్మ ఆ జీపునే చూస్తూ నిలబడింది.

శనివారం ఆరున్నరకు ఎర్రన్న ఇంకా టీ తాగుతున్నాడు. నల్లప్ప వచ్చాడు. రెండు వీధుల అవతల ఇల్లు. అతని కొడుకు తిప్పేస్వామి, కేశవతో పాటు స్కూల్లో వాలీబాల్ ఆడినవాడు. ముందురోజు సాయంత్రం ముదిగుబ్బ దగ్గర వాడి బైకును లారీ కొట్టిందనీ, అనంతపురం తీసుకుపోయారనీ రాత్రే ఊరంతా తెలిసింది. నల్లప్ప ముఖం చూస్తే మిగిలింది అడగనవసరం లేదు.

"తెల్లారుజామున పోయినాడంట," అన్నాడు నల్లప్ప. "మధ్యానానికి ఇస్తారంట."

అతని చూపు జీపు వెనక భాగం మీద పడింది. చాలాసేపు అక్కడే ఉంది.

"కోసేసినావా."

"ఈ వారమే."

"ఆడ బండ్లు ఉండాయి ఎర్రన్నా. పిలిస్తే వస్తాయి. వాళ్ళమ్మే ఒకటే మాట పట్టుకోనుండాది. ఊర్లో అందరూ మన బండిలో వచ్చినారు, నా కొడుకు ఒక్కడు ఎవురి బండిలోనో ఎందుకు రావల్ల అని."

ఎర్రన్న గ్లాసు కింద పెట్టాడు. "ఏడుకు కొండకు పోవల్ల నల్లప్పా. ఒక్కరోజు పోకున్నా పని పోతాది."

"ఆ సంగతి ఇన్నాను."

"పట్టడు గూడా. ఐదడుగులే మిగిలింది."

"అవును. మావోడు పొడుగు," అన్నాడు నల్లప్ప. అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. తువ్వాలు భుజం మీద సర్దుకుని వెనక్కి తిరిగాడు.

అతను వీధి సగం కూడా దాటలేదు. వెనక నీళ్ళ చప్పుడైంది. బయమ్మ ఇంట్లో మిగిలిన బిందెడు నీళ్ళూ తెచ్చి జీపు వెనక రేకు మీద పోసి, కొబ్బరి పీచుతో రుద్దుతోంది. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళవి. ఆమె పసుపు నీళ్ళు చల్లింది. వేపమండ విరుచుకొచ్చి కడ్డీకి కట్టింది. తర్వాత గొలుసు తీసి తానే ఎక్కి వెనక కూర్చుంది.

"నువ్వు యాడికి?" అన్నాడు ఎర్రన్న.

బయమ్మ దిగకుండా కడ్డీ పట్టుకుని కూర్చుంది.

ఎర్రన్న ఫోను తీసి ప్రణీత్‌కు చేశాడు. "సార్, ఈరోజు రాలేను. ఊళ్ళో పిల్లోడు పోయినాడు, తీసుకోని రావల్ల."

"అయ్యో," అన్నాడు ప్రణీత్. "నాకు అర్థమైతాంది అన్నా. అయితే పైన రెండు ఫ్యాన్లు ఆగి ఉండాయి. మనుషులు ఈడ రోడ్డు మీద నిలబడుకోని ఉండారు. నేను ఇంగో బండి పిలుస్తా. తప్పుగా అనుకోవద్దు."

"అనుకోను సార్."

నల్లప్పను, అతని భార్య లక్ష్మీదేవిని ఎక్కించుకుని పోయారు. మధ్యాహ్నం రెండు దాటాక తిరుగు ప్రయాణం. తిప్పేస్వామిని రేకు మీద పడుకోబెట్టారు. తల లక్ష్మీదేవి ఒళ్ళో. నల్లప్ప ముందు సీట్లో, వెనక్కి తిరిగి చూడకుండా కూర్చున్నాడు. కాళ్ళు పిక్కల దగ్గర నుంచి బండి బయటికి వచ్చాయి. బయమ్మ కుడి పక్క చివరికంటా జరిగింది. అక్కడ, కోయనివ్వని ఆ మూడు వేళ్ళ రేకు మీద ఒక తొడ ఆనించుకుని, పాదం గొలుసు కొక్కేనికి తన్నిపెట్టి, ఆ రెండు కాళ్ళూ ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. కొంగు తీసి వాటి చుట్టూ చుట్టి, రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

ఎండకు ఇనుము కాలిపోతోంది. కాళ్ళు మాత్రం చల్లగా, బరువుగా ఉన్నాయి. ఎడమ బొటనవేలి గోరు పాత దెబ్బకు నల్లబడి ఉంది. ఆ దెబ్బ ఎప్పుడు తగిలిందో బయమ్మకు తెలుసు. స్కూలు గ్రౌండులో, ఉత్త కాళ్ళతో ఆడుతుంటే. ఆ రోజు కేశవ వాణ్ణి భుజాన వేసుకుని తమ ఇంటికే తెచ్చాడు. పసుపు అద్దింది తానే.

బత్తలపల్లిలో టీ కొట్టు దగ్గర మనుషులు తలెత్తి చూశారు. వాళ్ళకు కాళ్ళు కనబడలేదు. ఎర్రటి చీర కట్టుకున్న ఒక మనిషి, ఒళ్ళో ఏదో పట్టుకుని బండి చివర కూర్చుని ఉండటం కనబడింది. స్పీడు బ్రేకరు మీద జీపు ఎగిరింది. బయమ్మ ఆ ఎగురుడంతా తన నడుంతో ఆపుకుంది. ఏ చప్పుడూ కాలేదు. లక్ష్మీదేవి ఏడుపు మధ్యలో తలెత్తి ఆమెను ఒకసారి చూసి, మళ్ళీ కొడుకు నుదుటి మీద చెయ్యి వేసుకుంది.

ముదిగుబ్బ దాటాక రోడ్డు పాడుగా ఉంది. బయమ్మకు తొడ మీద రేకు కోసుకుపోతోంది. చేతులకు స్పర్శ తప్పింది. ముందు ఇంకో స్పీడు బ్రేకరు కనబడింది, పెద్దది. ఎర్రన్న దాన్ని చూశాడో లేదో.

"కేశవ నాయనా," అని పిలిచింది. "మెల్లగ పోనీ."

జీపు ఆగినంత పని అయింది. అద్దంలో ఎర్రన్న కళ్ళు ఒక్క క్షణం వెనక్కి చూశాయి. చక్రాలు ఒకటొకటిగా ఆ గుట్ట ఎక్కి, ఒకటొకటిగా దిగాయి.

ఊళ్ళోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. జనం గుమిగూడారు. దించుకోవడానికి నలుగురు వచ్చారు. బయమ్మ చేతులు వదల్లేదు.

"వదినా, ఇడిసిపెట్టు," అన్నాడు నల్లప్ప.

"రావడంలేదు," అంది ఆమె. చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎర్రన్న వచ్చి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు.

సోమవారం పొద్దున ఏడు గంటలకు కొండ దారిలో ఒక బండి ఎక్కుతున్న చప్పుడు వినబడింది. మూడో మలుపు దగ్గర అది ఎక్కడా తడబడకుండా తిరిగిపోయింది. కొత్త బండి కావచ్చు. ఎర్రన్న గోడవార కూర్చుని విన్నాడు. లేచి, బ్యాటరీ కోసం తన ఇంజను కాసేపు తిప్పాడు. రెండిళ్ళ అవతల తలుపు వేసుకున్న చప్పుడైంది. ఇంజను ఆపేశాడు.

బోర్లించిన ముక్క కింద నుంచి కోడిపెట్ట ఒకటి బయటికి వచ్చింది. ఎర్రన్న ఆ ముక్క వైపు చూశాడు.

"ఎట్లాగూ కొండకు పోయేది లేదు. మద్దిలేటిని పిలిచి ఆ ముక్క మళ్ళా అతికించేదా?" అని అడిగాడు.

బయమ్మ తొడ మీద కమిలిన చోట పసుపు రాసుకుంటోంది.

"కొండ పనికి ఎవురన్నా మళ్ళా పిలుస్తారేమో," అంది. "కోసుకొని రమ్మంటారు. పొట్టిగానే ఉండనీ. ఎనక నేను కూచుంటా."